మీ ప్యాచ్ ఎవరెవరికి చేరాలి?

ప్యాచ్ (కోడ్‌లో మీరు చేసిన మార్పు) రాయడం అయింది, టెస్టులన్నీ పాసయ్యాయి. ఇక పంపాలి. ఎవరికి? బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీది ఆఫీసులోనైనా, చెన్నై ఓఎంఆర్ మీది ఆఫీసులోనైనా పక్క సీటు వైపు తిరిగి "అన్నా, ఈ మాడ్యూల్ ఎవరు చూస్తారు?" అంటే ఓ పేరు దొరుకుతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఆ పక్క సీటు ఉండదు. చూడాల్సిన మనిషి జర్మనీలో ఉండొచ్చు, ఉద్యోగం మారి ఆ కోడ్ వదిలేసి ఉండొచ్చు, అసలు ఆ ఫైలుకు దిక్కంటూ ఎవరూ లేకపోవచ్చు.

ఒకరిద్దరికే పంపితే, వాళ్లు సెలవులో ఉన్నారంటే ప్యాచ్ అలా పడి ఉంటుంది. నలభై మందికి పంపితే ఇంకా నష్టం. మిగతా ముప్పై తొమ్మిది మందిలో ఎవరో ఒకరు చూస్తారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. పైగా సంబంధం లేని మెయిళ్లతో విసిగినవాళ్లు ఫిల్టర్ పెట్టుకుంటారు. రేపు వాళ్లు నిజంగా చూడాల్సిన ప్యాచ్ పంపినా ఆ ఫిల్టర్‌లోకే పోతుంది.

అందుకే కమాండ్లు కొట్టే ముందు కాగితం మీద నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఈ మార్పుకు సరే అనాల్సింది ఎవరు? ఈ కోడ్ ఇలా ఎందుకుందో తెలిసింది ఎవరికి? ఇది మారితే ఎవరి కోడ్ ఆగిపోతుంది? ఈ లోపాన్ని మొదట పట్టుకుని చెప్పింది ఎవరు? మొదటి రెండిటికి టూల్స్ బాగానే జవాబిస్తాయి. మూడోదాన్ని ఏ టూలూ పూర్తిగా చెప్పదు. నాలుగోది మీకే తెలియాలి. ‘ఈ ఫైలును చివరిసారి ముట్టుకున్నది ఎవరు’ అన్నది ఈ నాలుగింటిలో లేదు, గమనించండి. చాలామంది దానితోనే మొదలుపెట్టి దానితోనే ఆపేస్తారు.

ముందు ప్రాజెక్టు రాసిపెట్టుకున్నది చదవండి

లైనక్స్ కెర్నల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం) సోర్సులో అన్నిటికన్నా పై డైరెక్టరీలోనే మెయింటెయినర్స్ అనే ఫైలు ఉంటుంది. విభాగానికో ఎంట్రీ, ప్రతి వరుస మొదట్లో ఓ ఇంగ్లిష్ అక్షరం. ఎం అంటే మెయింటెయినర్ (ఆ విభాగం బాధ్యత చూసే మనిషి), ఆర్ అంటే రివ్యూయర్, ఎల్ అంటే మెయిలింగ్ లిస్టు, టీ అంటే ప్యాచ్‌లు చేరే గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ట్రీ, ఎఫ్ అంటే ఆ ఎంట్రీ కిందికి వచ్చే ఫైళ్లు, ఎక్స్ అంటే వాటిలో మినహాయింపులు. కే అనే అక్షరం సంగతి కొత్తవాళ్లకు తెలియదు. అది ఫైలు పేరును కాదు, లోపలి పాఠాన్ని చూసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతకాల్సిన మాటల నమూనా). మీ డ్రైవర్‌తో ఏ సంబంధమూ లేదనిపించే పేరు జాబితాలో కనిపించిందంటే చాలాసార్లు కారణం అదే, మీ ప్యాచ్‌లో వాళ్లు చూసుకునే మాట ఏదో దొర్లింది. పేరు కొట్టేసే ముందు ఏ మాట తగిలిందో వెతకండి.

ఎస్ అనే వరుస విభాగం స్థితి చెబుతుంది. ‘సపోర్టెడ్’ అంటే ఆ పనికి జీతం తీసుకునే మనిషి ఉన్నట్టు. ‘మెయింటెయిన్డ్’ అంటే చూసుకునేవాళ్లు ఉన్నారు. ‘ఆడ్ ఫిక్సెస్’ అంటే పేరైతే ఉంది కానీ ఆ మనిషికి తీరిక తక్కువ. ‘ఆర్ఫన్’ అంటే అనాథ. ఆర్ఫన్ ఎంట్రీ కనిపిస్తే అక్కడితో ఆగకండి, దాని పై స్థాయి విభాగం ఎంట్రీకి వెళ్లండి. చిన్న డ్రైవర్ అనాథ అయినా ఆ డ్రైవర్ల కుటుంబం మొత్తానికీ పెద్దదిక్కు ఉంటారు, చివరికి ప్యాచ్‌ను ట్రీలోకి తీసుకునేది వాళ్లే.

ఈ ఫైలును కళ్లతో వెతకనక్కర్లేదు. స్క్రిప్ట్స్ డైరెక్టరీలో గెట్_మెయింటెయినర్.పీఎల్ ఉంది. దాన్ని ప్యాచ్ ఫైలు మీద నడపండి. -ఎఫ్ పెట్టి సోర్స్ ఫైలు దారి ఇచ్చినా పేర్లు వస్తాయి కానీ, మీరు మార్చిన వరుసలేమిటో దానికి తెలియదు. ఇంకో మాట: ప్యాచ్ కమిట్ (గిట్‌లో నమోదయ్యే మార్పు) సందేశంలో, లోపం తెచ్చిన పాత కమిట్‌ను చూపే ‘ఫిక్సెస్’ వరుస రాయాల్సి ఉంటే స్క్రిప్టు నడపకముందే రాయండి. పాత కమిట్ ఐడీలో మొదటి 12 అక్షరాలు, దాని పక్కన ఆ కమిట్ శీర్షిక. స్క్రిప్టు ఆ వరుసను చదివి, లోపం తెచ్చిన కమిట్ మీద సంతకాలు (‘సైన్డ్-ఆఫ్-బై’ వరుసలు) చేసినవాళ్లను కూడా జాబితాలో చేరుస్తుంది. వరుస తర్వాత కలిపితే వాళ్లు రారు. ఆ కోడ్ అలా ఎందుకు రాశారో అందరికన్నా బాగా తెలిసింది వాళ్లకే.

ఫైలుకు మెయింటెయినర్ ఎంట్రీ దొరక్కపోతే స్క్రిప్టు గిట్ చరిత్రలోకి వెళ్తుంది. డిఫాల్టుగా గత ఏడాది కమిట్లు చూసి, కనీసం 5 శాతం వాటా ఉన్నవాళ్లలో ఐదుగురి వరకూ తీసుకుంటుంది. పేరు పక్కన ‘కమిట్_సైనర్:3/8=38%’ లాంటి గుర్తు ఉంటుంది. ఇలాంటి పేర్లను మెయింటెయినర్లుగా భావించి ‘టు’లో పెట్టకండి. ఎనిమిది కమిట్లలో మూడు స్పెల్లింగ్ దిద్దుబాట్లే అయినా లెక్క అంతే వస్తుంది. ఒక్కో కమిట్ తెరిచి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

స్క్రిప్టు చెప్పినా చెప్పకపోయినా గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. యూజర్‌స్పేస్ (కెర్నల్ బయట నడిచే) ప్రోగ్రాములకు కనిపించే ఇంటర్‌ఫేస్ మారితే లైనక్స్-ఏపీఐ లిస్టుకు సీసీ పెట్టాలి. డివైస్‌ట్రీ బైండింగ్ (హార్డ్‌వేర్ వివరాలు రాసే పద్ధతి) మారితే దాన్ని వేరే ప్యాచ్‌గా విడగొట్టి డివైస్‌ట్రీ లిస్టుకూ, ఆ మెయింటెయినర్లకూ పంపాలి. దిద్దుబాటు ఇప్పటికే విడుదలైన పాత స్టేబుల్ కెర్నల్స్‌లోకి కూడా వెళ్లాలంటే, మెయిల్ సీసీలో స్టేబుల్ అడ్రసు పెట్టినంత మాత్రాన సరిపోదు. కమిట్ సందేశంలో సంతకాల దగ్గరే ‘సీసీ: స్టేబుల్’ వరుస ఉండాలి. ప్యాచ్ ప్రధాన ట్రీలో కలిశాక స్టేబుల్ బృందం వెతికేది ఆ వరుస కోసమే.

కంటైనర్లను నడిపే కుబర్నెటీస్ ప్రాజెక్టులో ఇదే పని డైరెక్టరీకొకటిగా ఉండే ఓనర్స్ ఫైళ్లు చేస్తాయి. వాటిలో రివ్యూయర్లు వేరు, అప్రూవర్లు వేరు. మొదటివాళ్లు కోడ్ బాగుందో లేదో చూస్తారు, రెండోవాళ్లు అది ప్రాజెక్టులోకి రావాలో వద్దో చెబుతారు. అక్కడ బాట్ తనంతట తానే పేర్లు సూచిస్తుంది కాబట్టి మీరు అదనంగా పదిమందిని పిలవనక్కర్లేదు.

గిట్ చరిత్రను ఎలా చదవాలి

బెంగళూరు బస్సుల వేళలు చదివే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి ఉందనుకుందాం. జీటీఎఫ్ఎస్ (బస్సులు, రైళ్ల వేళలు పంచుకునే) ఫార్మాట్‌లో అర్ధరాత్రి దాటాక వచ్చే బస్సు వేళను 25:10:00 అని రాస్తారు. ముందురోజు సర్వీసు ఇంకా ముగియలేదు, గడియారంలో మాత్రం 1:10 అయింది అని దాని అర్థం. ఆ వేళను ఇంతవరకూ స్ట్రింగ్‌గా ఇచ్చిన ఫంక్షన్‌ను మీరు సెకన్లలో ఇచ్చేలా మార్చారు, ఇకపై 90600 అని వస్తుంది. ఎవరికి చెప్పాలి?

ప్రతి వరుసనూ చివరిసారి మార్చింది ఎవరో చెప్పే గిట్ బ్లేమ్ కొడితే ఇరవై వరుసలకూ ఒకటే పేరు వచ్చింది. కమిట్ తెరిస్తే, ఆ మనిషి చేసిందల్లా ఫార్మాటర్‌తో ఫైళ్లన్నిటినీ సర్దడమే. ఆయనకు ఈ ఫంక్షన్ గురించి ఏమీ తెలియకపోవచ్చు. బ్లేమ్‌కు -డబ్ల్యూ ఇస్తే ఖాళీల మార్పులను దాటేస్తుంది. పెద్ద అక్షరంతో -సీ ఇస్తే వేరే ఫైలు నుంచి తరలించిన వరుసల అసలు మూలం పట్టుకుంటుంది. వరుసలు విరిచి రాసే ఫార్మాటర్‌కు ఇవీ చాలవు. అప్పుడు ఆ కమిట్ ఐడీని .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే ఫైలులో రాసి, బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ సెట్టింగులో దాని పేరివ్వాలి. గిట్ 2.23 నుంచి ఈ సదుపాయం ఉంది, కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్‌లోని బ్లేమ్ పేజీ కూడా ఆ ఫైలును గౌరవిస్తుంది. ఫార్మాటర్ కమిట్ చేసిన రోజే ఈ ఫైలు కూడా పెట్టేయడం మంచి అలవాటు.

ఇంకా లోతుగా చూడాలంటే గిట్ లాగ్‌కు పెద్ద అక్షరంతో -ఎల్ ఇచ్చి, మొదటి వరుస సంఖ్య, చివరి వరుస సంఖ్య, ఫైలు పేరు ఇవ్వండి. ఆ ఇరవై వరుసలు పుట్టినప్పటి నుంచి ఎలా మారాయో కమిట్ తర్వాత కమిట్ చూపిస్తుంది. మన ఉదాహరణలో అలా వెనక్కి వెళ్తే ఓ పాత కమిట్ దగ్గర సందేశం ఇలా ఉంటుంది: పైథాన్ డేట్‌టైమ్‌లోని టైమ్ 0 నుంచి 23 గంటలే తీసుకుంటుంది, 25 ఇస్తే ఎర్రర్ వస్తుంది, అందుకే స్ట్రింగ్‌గా ఉంచాం. మీ రెండో ప్రశ్నకు జవాబు ఆ కమిట్ రాసిన మనిషి. మూడేళ్లుగా ప్రాజెక్టు వైపు రాకపోయినా ఒక్కసారి సీసీ పెట్టండి, ఒకే ఒక ప్రశ్నతో: ‘సెకన్లకు మారిస్తే మీకు తెలిసిన ఇబ్బంది ఏమైనా ఉందా?’ జవాబు రాకపోతే రెండోసారి అడగకండి.

ఇటీవల ఎవరు చురుగ్గా ఉన్నారో తెలియాలంటే గిట్ షార్ట్‌లాగ్ -ఎస్ఎన్ఈ --సిన్స్=1.ఇయర్ హెడ్ అని కొట్టి, చివర రెండు గీతల తర్వాత డైరెక్టరీ దారి ఇవ్వండి. ఇందులో హెడ్ అన్న మాట వదిలేస్తే టెర్మినల్‌లో బాగానే నడుస్తుంది. అదే కమాండ్‌ను సీఐ (మార్పు రాగానే టెస్టులు ఆటోమేటిక్‌గా నడిపే ఏర్పాటు) స్క్రిప్టులో పెడితే ఇన్‌పుట్ కోసం స్టాండర్డ్ ఇన్‌పుట్ వైపు చూసి, ఖాళీగా తిరిగొస్తుంది లేదా కదలకుండా ఆగిపోతుంది. సీఐలో ఇంకో గుంట కూడా ఉంది. గిట్‌హబ్ చెకౌట్ యాక్షన్ మామూలుగా చివరి ఒక్క కమిట్‌నే తెస్తుంది. దాని మీద షార్ట్‌లాగ్ కొడితే ఒకే పేరు, బ్లేమ్ కొడితే ప్రతి వరుసకూ అదే పేరు. కమిట్ ఐడీ ముందు ^ గుర్తు కనిపిస్తే చరిత్ర అక్కడ తెగిందని అర్థం. ఫెచ్-డెప్త్‌ను 0 చేస్తే పూర్తి చరిత్ర వస్తుంది.

కోడ్‌ఓనర్స్ ఫైలు మీరే రాస్తుంటే

ప్రాజెక్టు మీదైతే పంపేవాళ్లు వెతుక్కునే పని మీరే తగ్గించవచ్చు. ఏ ఫైళ్లు మారితే ఎవరిని రివ్యూకు పిలవాలో చెప్పే కోడ్‌ఓనర్స్ ఫైలును గిట్‌హబ్ 2017లో తెచ్చింది అందుకే. ఇది .గిట్‌హబ్ డైరెక్టరీలో కానీ, రెపో (ప్రాజెక్టు కోడ్ అంతా ఉండే చోటు) మూలంలో కానీ, డాక్స్ డైరెక్టరీలో కానీ ఉండాలి. ఆ వరుసలోనే వెతికి మొదట దొరికినదాన్నే వాడుతుంది, రెండు చోట్ల పెడితే రెండోది దండగ. ఉదాహరణ తెలుగు లిపిలో ఇస్తున్నాం, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడండి:

* @సంస్థ/కోర్
/డాక్స్/ @సంస్థ/డాక్స్
*.పీవో @సంస్థ/అనువాదం
/వేళలు/ @సంస్థ/వేళలు @సంస్థ/కోర్

ఇక్కడ ఎక్కువమంది బోల్తాపడేది ఒకటే నియమం దగ్గర: ఒక ఫైలుకు సరిపోయే వరుసలు ఎన్ని ఉన్నా చివరిదే చెల్లుతుంది. నక్షత్రం గుర్తు వరుసను చివర్లో పెట్టారంటే పైన రాసినవన్నీ గాలికి పోయినట్టే. ఒకే దారికి ఇద్దరు యజమానులుంటే ఇద్దరినీ ఒకే వరుసలో రాయాలి. రెండు వరుసల్లో రాస్తే రెండో వరుసలోని వాళ్లకే కబురు వెళ్తుంది. పైన చివరి వరుసలో కోర్ బృందాన్ని మళ్లీ రాసింది అందుకే. దారి ఒక్కటే రాసి పేరు వదిలేస్తే ఆ దారికి యజమాని లేనట్టు. ఆటోమేటిక్‌గా తయారయ్యే ఫైళ్లకు ఇది చాలా పనికొస్తుంది.

ప్యాటర్న్‌లు గిట్‌ఇగ్నోర్ తరహాలోనే ఉంటాయి కానీ ఆశ్చర్యార్థకంతో మినహాయింపు చెప్పడం, చదరపు బ్రాకెట్లలో అక్షరాల శ్రేణి ఇవ్వడం ఇక్కడ పనిచేయవు. ‘డాక్స్/*’ అంటే డాక్స్‌లో నేరుగా ఉన్న ఫైళ్లు మాత్రమే, లోపలి డైరెక్టరీలు కాదు. తప్పుగా రాసిన వరుసను గిట్‌హబ్ చప్పుడు లేకుండా వదిలేస్తుంది. అందుకే ఫైలు సేవ్ చేశాక గిట్‌హబ్ పేజీలో ఓసారి తెరవండి, తప్పులుంటే అక్కడ గుర్తు పెట్టి చూపిస్తుంది. రాసిన మనిషికీ బృందానికీ ఆ రెపోలో రైట్ అనుమతి ఉండాలి. సంస్థలో సభ్యత్వం ఉన్నా ఈ రెపోలో రాసే అనుమతి లేకపోతే రివ్యూ కోసం పిలుపు వెళ్లదు. ‘పేరు పెట్టాం కదా, ఎందుకు రావడం లేదు’ అనే ప్రశ్నకు చాలావరకూ జవాబు ఇదే.

మనుషుల పేర్లకన్నా బృందాల పేర్లే పెట్టండి. మనిషి వెళ్లిపోతే బృందం సభ్యత్వం మారిస్తే చాలు, ఫైలు ముట్టుకోనక్కర్లేదు. బృందంలో పన్నెండుమంది ఉంటే ప్రతి పుల్ రిక్వెస్టుకూ (మార్పును కలపమని గిట్‌హబ్‌లో పెట్టే అభ్యర్థన) పన్నెండు మెయిళ్లు వెళ్తాయి. అది వద్దనుకుంటే బృందం సెట్టింగుల్లో కోడ్ రివ్యూ అసైన్‌మెంట్ ఆన్ చేయండి. రౌండ్ రాబిన్ అయితే వంతులవారీగా, లోడ్ బ్యాలెన్స్ అయితే చేతిలో ఎవరికెంత పనుందో చూసి ఒకరిద్దరినే ఎంచుతుంది.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. రిలీజ్ బ్రాంచి (విడుదల కోసం విడిగా ఉంచిన కోడ్ శాఖ) మీద చేసిన పనిని పొరపాటున మెయిన్ (ప్రధాన శాఖ) మీదికి పుల్ రిక్వెస్టుగా తెరిస్తే రెండు బ్రాంచీల మధ్య తేడా అంతా అందులోకి వస్తుంది. మూడు ఫైళ్ల మార్పు ఎనిమిది వందల ఫైళ్లుగా కనిపిస్తుంది. కోడ్‌ఓనర్స్‌లో ఉన్న బృందాలన్నిటికీ ఒక్క దెబ్బకు రివ్యూ అడుగుతూ మెయిళ్లు వెళ్లిపోతాయి. తర్వాత బేస్ బ్రాంచి మార్చినా వెళ్లిన మెయిల్ వెనక్కి రాదు. డ్రాఫ్ట్‌గా తెరిస్తే ఈ గొడవ లేదు, డ్రాఫ్ట్ దశలో కోడ్ ఓనర్లకు పిలుపు వెళ్లదు. ఎన్ని ఫైళ్లు మారాయో అంకె చూసి, సరిగ్గా ఉంటేనే ‘రెడీ ఫర్ రివ్యూ’ నొక్కండి.

అలాగే @ గుర్తుతో పేర్లను కమిట్ సందేశంలో రాయకండి, పుల్ రిక్వెస్టు వివరణలో రాయండి. కమిట్‌లో ఉంటే ఆ కమిట్‌ను ఎవరో తమ ఫోర్క్‌లోకి (రెపో సొంత కాపీ) నెట్టిన ప్రతిసారీ ఆ మనిషికి మళ్లీ కబురు వెళ్లొచ్చు. అందుకే అలాంటి కమిట్లను కుబర్నెటీస్ బాట్ ఆపేస్తుంది. జావాలో ‘@ఓవర్‌రైడ్’ లాంటి మాటలు వివరణలో వస్తే బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టండి. ఆ పేరుతో ఖాతా ఉన్న మనిషి ఎక్కడో ఉంటే, వాళ్లను మీరు పిలిచినట్టే అవుతుంది.

ఎవరి కోడ్ ఆగిపోతుంది

ఇది మూడో ప్రశ్న, అందరూ వదిలేసేదీ ఇదే. బస్సు వేళల లైబ్రరీనే తీసుకుందాం. రివ్యూ చేసే ఇద్దరూ సరే అన్నారు, కలిపేశారు. ఆ ఫంక్షన్ ఇచ్చే స్ట్రింగ్‌ను కోలన్ల దగ్గర విడగొట్టి తెర మీద చూపించే యాప్ ఒకటుంది. కొత్త వెర్షన్ రాగానే అది పడిపోతుంది. వాళ్లు మీ రెపోను వాచ్ చేయడం లేదు, చేయాలని ఆశించడమూ న్యాయం కాదు.

వాళ్లను పట్టుకోవాలంటే గిట్‌హబ్‌లో డిపెండెన్సీ గ్రాఫ్ కింద డిపెండెంట్స్ పేజీ ఉంది. ఫంక్షన్ పేరుతో కోడ్ సెర్చ్ చేస్తే అసలు వాడుక కనిపిస్తుంది. సీ లైబ్రరీ అయితే డెబియన్ (లైనక్స్‌కు ప్రోగ్రాములు కలిపి ఇచ్చే ఒక డిస్ట్రిబ్యూషన్) కోడ్ సెర్చ్‌లో వెతకండి, ఆప్ట్-క్యాష్ ఆర్‌డిపెండ్స్ కొట్టి మీ ప్యాకేజీ మీద ఆధారపడ్డవి చూడండి. దొరికినవాళ్లను మీ పుల్ రిక్వెస్టులోకి రివ్యూయర్లుగా లాగకండి. వాళ్ల రెపోలోనే ఒక ఇష్యూ తెరిచి, ఏ వెర్షన్‌లో మారుతుంది, ముందు ఏమొచ్చేది, ఇప్పుడేమొస్తుంది, వాళ్లు మార్చాల్సిన వరుస ఏది అని నాలుగు మాటల్లో రాయండి. వీలైతే దిద్దుబాటు ప్యాచ్ మీరే పంపండి.

కోడ్‌లోనే హెచ్చరిక పెట్టాం కదా అనుకోవద్దు. పైథాన్‌లో డెప్రికేషన్‌వార్నింగ్ నేరుగా నడిపిన ప్రధాన స్క్రిప్టు కోడ్‌లో పుడితే తప్ప మామూలుగా కనిపించదు. మీ లైబ్రరీని వాడే ఇంకో లైబ్రరీలో పుట్టిన హెచ్చరిక ఎవరి కంటా పడదు. టెస్టులు నడిపేవాళ్లే చూస్తారు. చివరి వాడుకరికి కూడా కనిపించాలంటే ఫ్యూచర్‌వార్నింగ్ వాడాలి.

అనువాదకుల సంగతి మన భాషకు నేరుగా తగిలేది. తెర మీది ఇంగ్లిష్ వాక్యంలో ఒక్క కామా దిద్దారనుకోండి. పీవో ఫైళ్లను (అనువాదాలు ఉండేవి) కొత్త వాక్యంతో నవీకరించగానే తెలుగు అనువాదం మీద ‘ఫజ్జీ’ (మళ్లీ సరిచూడాలి) అనే ముద్ర పడుతుంది. ఫజ్జీ ముద్ర ఉన్నవాటిని, పీవోను ప్రోగ్రాము చదివే రూపంలోకి మార్చే ఎంఎస్‌జీఎఫ్ఎమ్‌టీ మామూలుగా వదిలేస్తుంది. నిన్నటిదాకా తెలుగులో కనిపించిన బటన్ ఇవాళ ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. తెలుగు బృందాల్లో చాలాచోట్ల ఒకరిద్దరే ఉంటారు, సెలవు రోజుల్లో చేస్తారు. విడుదలకు రెండు రోజుల ముందు అలాంటి మార్పు కలిపితే వాళ్ల చేతిలో టైముండదు. స్ట్రింగ్ ఫ్రీజ్ (విడుదలకు ముందు తెర మీది వాక్యాలు మార్చకూడదనే నియమం) ఉన్న ప్రాజెక్టులో ఫ్రీజ్ తర్వాత వాక్యం ముట్టుకోవాలంటే ముందుగా అనువాద సమన్వయకర్తలకు చెప్పి అనుమతి తీసుకోవాలి. అర్థం మారని అక్షరదోషం అయితే, అదే కమిట్‌లో పీవో ఫైళ్లలోని మూలవాక్యాన్నీ దిద్దేస్తే ఫజ్జీ పడదు.

లైసెన్స్ మార్పుకు లెక్కే వేరు. అక్కడ చురుకైనవాళ్లు కాదు, కాపీరైట్ ఉన్న ప్రతి ఒక్కరూ కావాలి. వీఎల్‌సీ వీడియో ప్లేయర్ ఇంజిన్‌ను జీపీఎల్ నుంచి ఎల్‌జీపీఎల్‌కు మార్చినప్పుడు పాత కోడ్ రాసినవాళ్లను ఒక్కొక్కరినే వెతికి ఒప్పించాల్సి వచ్చింది. ఇక్కడ ఏడాది పరిమితి పెట్టకుండా పూర్తి చరిత్ర మీద షార్ట్‌లాగ్ కొట్టండి.

అందరికీ చెప్పకూడనివి

భద్రతా లోపం అయితే పైన చెప్పిన పద్ధతులన్నీ పక్కన పెట్టండి. పబ్లిక్ లిస్టు వద్దు, పబ్లిక్ ఇష్యూ వద్దు. రెపోలో సెక్యూరిటీ.ఎండీ ఉంటే అందులోని దారినే వెళ్లండి, గిట్‌హబ్‌లో ప్రైవేటుగా లోపం తెలిపే బటన్ ఉంటే అది వాడండి. డిస్ట్రిబ్యూషన్లకు ముందుగా చెప్పే లైనక్స్-డిస్ట్రోస్ లిస్టు ఉంది కానీ అక్కడ రహస్యం గరిష్ఠంగా 14 రోజులే. ఆ తర్వాత బయటపెట్టి తీరాలి కాబట్టి, తేదీ ఖాయం కాకుండా అక్కడికి పంపకండి.

గిట్ సెండ్-ఈమెయిల్ ఇక్కడ కొంప ముంచగలదు. కమిట్ సందేశంలోని సీసీ వరుసలను, సంతకాల వరుసలను చదివి ఆ అడ్రసులన్నిటికీ తనంతట తానే కాపీ పంపుతుంది. రహస్యంగా ఉంచాల్సిన ప్యాచ్‌లో పబ్లిక్ లిస్టు పేరుతో సీసీ వరుస ఉంటే ఆ రహస్యం అక్కడితో సరి. --సప్రెస్-సీసీ=ఆల్ పెట్టి, ముందు --డ్రై-రన్ చేసి, తెర మీద అడ్రసులు ఒక్కొక్కటీ చదివాకే పంపండి.

మెయింటెయినర్‌కే చెప్పకూడని సందర్భం కూడా ఉంటుంది. 2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో దొంగదారి బయటపడింది, ఆ లోపం నంబరు సీవీఈ-2024-3094. దాన్ని కనిపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ మొదట డెబియన్ భద్రతా బృందానికి చెప్పారు, ఆ తర్వాత డిస్ట్రోస్ లిస్టుకు, మార్చి 29న అందరికీ. అసలు ప్రాజెక్టులో మాత్రం బగ్ రిపోర్టు పెట్టలేదు. ఆ పనిలో ప్రాజెక్టు లోపలివాళ్ల చెయ్యే ఉన్నట్టు కనిపించింది కాబట్టి. జాబితాలో పేరున్నంత మాత్రాన కబురు వెళ్లాల్సిందే అనేమీ లేదు.

పంపే ముందు, పంపాక

సరే అనాల్సినవాళ్లు ‘టు’లో, మిగతావాళ్లూ లిస్టులూ ‘సీసీ’లో. ‘టు’లో ముగ్గురు దాటారంటే మార్పునే విడగొట్టాలేమో చూడండి. అరవై ఫైళ్లు ముట్టుకునే కెర్నల్ మార్పును ఒకే ప్యాచ్‌గా పంపితే స్క్రిప్టు వందకు పైగా పేర్లు ఇవ్వగలదు. పైగా మెయిల్‌మ్యాన్‌తో నడిచే లిస్టుల్లో గ్రహీతలు పదికి చేరితే మెయిల్ డిఫాల్టుగా మోడరేషన్‌కు ఆగిపోతుంది. విభాగాల వారీగా విడగొట్టి సిరీస్ (వరుస ప్యాచ్‌లు) చేయండి.

సిరీస్‌లో కవర్ లెటర్ (మొత్తం మార్పును వివరించే మొదటి మెయిల్) దగ్గర జాగ్రత్త. గిట్ సెండ్-ఈమెయిల్‌కు --సీసీ-కమాండ్‌గా గెట్_మెయింటెయినర్ ఇస్తే అది ఒక్కో ప్యాచ్ మీద విడిగా నడుస్తుంది. కవర్ లెటర్‌లో డిఫ్ (కోడ్ తేడా) ఉండదు కాబట్టి దానికి ఎవరూ దొరకరు. ఫలితంగా ఓ మెయింటెయినర్‌కు పన్నెండులో ఏడో ప్యాచ్ మాత్రమే చేరుతుంది, ముందూ వెనకా ఏమీ తెలియదు. కెర్నల్ ప్యాచ్‌లు పంపే టూల్ బీ4 వాడితే ఈ బాధ లేదు. బీ4 ప్రెప్ --ఆటో-టు-సీసీ సిరీస్ మొత్తానికి అడ్రసులు పోగుచేస్తుంది, బీ4 సెండ్ --రిఫ్లెక్ట్ మొత్తం సిరీస్‌ను ముందు మీకొక్కరికే పంపి చూపిస్తుంది.

కంపెనీ మెయిల్ నుంచి పంపుతుంటే, చివర ఆటోమేటిక్‌గా అంటుకునే ‘ఇది రహస్య సమాచారం’ అన్న ఫుటర్ తీసేయించండి. అది ఉన్న ప్యాచ్‌ను తీసుకోని మెయింటెయినర్లున్నారు. మీ టీమ్ అంతర్గత గ్రూప్ అడ్రసును పబ్లిక్ లిస్టు మెయిల్‌లో సీసీ పెట్టకండి. బయటివాళ్ల జవాబులన్నీ బౌన్స్ అవుతాయి, అడ్రసేమో ఆర్కైవ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. మీ టీమ్‌వాళ్లకు విడిగా లింకు పంపండి.

వేళ కూడా చూసుకోండి. మనకు శుక్రవారం సాయంత్రం ఆరంటే వేసవిలో జర్మనీలో మధ్యాహ్నం రెండున్నర, కాలిఫోర్నియాలో తెల్లవారుజాము ఐదున్నర. అప్పుడు పంపి సోమవారం పొద్దున్నే జవాబేదని అడిగితే, అక్కడ మధ్యలో గడిచినవి దాదాపు సెలవు రోజులే. కెర్నల్‌లో కనీసం వారం ఆగి గుర్తుచేయడం పద్ధతి, రెండు వారాల మెర్జ్ విండో (కొత్త మార్పులను ప్రధాన ట్రీలో కలిపే కాలం) నడుస్తుంటే ఇంకా ఆగాలి. గుర్తుచేసేటప్పుడు కొత్త పేర్లు చేర్చకండి, అదే థ్రెడ్‌లో జవాబుగా ఒక్క వాక్యం రాయండి. అప్పటికీ కదలకపోతే, ఎంట్రీలో ఉన్న మెయింటెయినర్ ఈమధ్య ఎక్కడైనా మాట్లాడారా అని కెర్నల్ లిస్టుల మెయిళ్లు దాచే లోర్ ఆర్కైవ్‌లో ‘ఎఫ్:’ పక్కన అడ్రసు పెట్టి వెతకండి. వేరే థ్రెడ్లలో కనిపిస్తే ఆ మనిషికి తీరిక లేదంతే, ఆగండి. నెలల తరబడి ఎక్కడా లేకపోతే పై స్థాయి మెయింటెయినర్‌ను ‘టు’లోకి తీసుకోండి.

మెయిల్ బౌన్స్ అయితే .మెయిల్‌మ్యాప్ ఫైలులో కొత్త అడ్రసుందేమో చూడండి. ఉంటే మెయింటెయినర్స్ ఎంట్రీ దిద్దే చిన్న ప్యాచ్ విడిగా పంపండి, పాత అడ్రసుతో పాటు కొత్తదానికీ సీసీ పెట్టి. ఎక్కడా ఆచూకీ లేకపోతే ఎంట్రీ స్థితిని ఆర్ఫన్‌గా మార్చే ప్యాచ్‌ను ఆ విభాగం లిస్టుకు పంపవచ్చు. పేరు తొలగించాల్సి వస్తే, అదే ప్యాచ్‌లో క్రెడిట్స్ ఫైలులో ఆ మనిషి పేరూ, చూసుకున్న విభాగమూ చేర్చండి.